తొలి కలయిక సన్నివేశం: చోటు ముఖ్యమా, పని ముఖ్యమా?

కావలి కథకుడు:
రాస్తున్న ఒక ప్రేమకథా స్క్రీన్‌ప్లే విషయంలో సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను. కథానాయకుడు చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీలో లెక్కలు చూసే ఉద్యోగి, నాయిక నెల్లూరులో ఒక ఆసుపత్రి నర్సు. పెళ్ళిచూపుల తేదీ ఖాయమైంది. దానికి ముందే, పెద్దలకు తెలియకుండా, ఒకసారి విడిగా కలుసుకుందామని ఇద్దరూ ఫోనులో అనుకుంటారు. ఆ కలయికను మైపాడు సముద్రతీరంలో సూర్యాస్తమయ వేళకు రాశాను. వాళ్ళు నడుస్తారు, మాట్లాడుకుంటారు, అలలు పాదాలను తాకుతాయి. పేజీకి ఒక నిమిషం లెక్కన ఆరు నిమిషాల సన్నివేశం. చదివిన మిత్రులు బాగుందన్నారు గానీ, మర్నాడు అడిగితే అందులో ఏం జరిగిందో ఒక్కరూ చెప్పలేకపోయారు. చోటు మారిస్తే సరిపోతుందని నా సహరచయిత వాదన. చోటు ఎంత మార్చినా వాళ్ళిద్దరి చేతికి ఒక పని ఇవ్వకపోతే ప్రయోజనం ఉండదని నా వాదన. మీరేమంటారు?

మైపాడు రోడ్డు:
ముందుగా దిక్కుల సంగతి. మన తీరం తూర్పు ముఖంగా ఉంది కనుక మైపాడులో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే తప్ప సముద్రంలోకి దిగడు. సాయంత్రం వాళ్ళిద్దరూ అలల వైపు చూస్తూ నిలబడితే పొద్దు వాళ్ళ వెనుక, చెట్ల మాటున వాలిపోతుంది. మన సినిమాల్లో ఈ పొరపాటు కొత్తదేమీ కాదు గానీ, నెల్లూరు ప్రేక్షకుడు మాత్రం నవ్వుతాడు. అస్తమయమే కావాలంటే పెన్న వంతెన మీద నిలబెట్టండి. నది పడమటి నుంచి వస్తుంది కాబట్టి, నీళ్ళున్న నెలల్లో ఎగువ వైపు చూస్తే వెలుగు నీటి మీదే పరుచుకుంటుంది. లేదా మైపాడునే ఉంచి వేళ మార్చండి. ఆమె రాత్రి డ్యూటీ దిగి నేరుగా వస్తుంది, అతను రాత్రి బయలుదేరి వస్తాడు. నిద్ర లేని ఇద్దరు మనుషులకు అందంగా కనిపించాలనే ఆత్రం ఎక్కువసేపు నిలవదు. కథకు కావలసిందీ అదే కదా.

ఒంగోలు ప్రేక్షకుడు:
చోటును కేవలం వెనక పరదాగా చూడటం రచయితలకు అలవాటైపోయింది. సినిమా ముందు కంటికి అందే కళ. హాలు నుంచి బయటికి వచ్చినవాడు సంభాషణకన్నా ముందు ఎక్కడ జరిగిందో చెబుతాడు. అయితే మనుషులను ఏమీ అడగని చోటు నిష్ప్రయోజనమని ఒప్పుకుంటాను, సముద్రపుటొడ్డు అలాంటిదే. అదే సన్నివేశాన్ని ఉదయగిరి కోటకు తీసుకెళ్ళండి. కొండ ఎక్కుతున్నప్పుడు ఎవరు ముందు నడుస్తారు, ఎవరికి ఆయాసం వస్తుంది, ఆగుదామని ఎవరు అడుగుతారు, అడగకుండానే ఎవరు ఆగుతారు అన్నవి ఒక్క మాట లేకుండా కనిపిస్తాయి. పనిని విడిగా వెతుక్కోవలసిన అవసరం లేదు, కొండే ఇస్తుంది. పైగా తీరంలో గాలి హోరు వల్ల అక్కడికక్కడ పట్టిన మాటలు పనికిరాక, చాలావరకు తరువాత డబ్బింగులో చెప్పించవలసి వస్తుంది; తొలి పరిచయంలోని తడబాటును స్టూడియోలో తిరిగి పలికించడం మంచి నటులకు కూడా కష్టమే.

సంతపేట:
ఉదయగిరి గారి కొండ (మన్నించండి, ఒంగోలు వారి కొండ) నాకు నచ్చింది గానీ, పెద్దలకు తెలియకుండా ఒక్క పూట దొరికిన ఇద్దరు అంత దూరం ఎలా వెళ్తారు? నా సలహా చేపల పులుసు. వేళాకోళానికి అనడం లేదు. మొదటిసారి కలిసినవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని బొచ్చె ముక్క తినవలసి వస్తే, చేయి పూర్తిగా పులుసులో ఉంటుంది, ఫోను ముట్టుకోవడానికి లేదు, దృష్టి ముళ్ళ మీద ఉంటుంది కనుక కంఠస్థం చేసుకొచ్చిన మాటలు చెప్పడం కుదరదు. ముల్లు నోట్లోకి వస్తే ఆమె ముందు ఎలా తీయాలన్నది అతనికి పెద్ద సమస్య. కొర్రమీను అయితే ముళ్ళు తక్కువ కాబట్టి ఈ సన్నివేశం నడవదు, దయచేసి బొచ్చె అనే రాయండి. చీమకుర్తివాడు చేపలకు అంతగా అలవాటుపడనివాడైతే మరీ మంచిది: ఆమెకు ముళ్ళు తీయడం వేళ్ళ మీది పని, అతనికి పరీక్ష. ఆమె తన ముక్కలోంచి ముల్లు లేని భాగం తీసి అతని పళ్ళెంలో పెడుతుందా, పెట్టదా? ప్రేక్షకుడు దానికోసం ఎదురుచూస్తాడు. నన్ను అడిగితే పెట్టకూడదు. అతను తంటాలు పడుతుంటే చూస్తూ, ఎలా తీయాలో మాత్రం నోటితో చెప్పాలి.

దర్గామిట్ట:
నెల్లూరు కథకు రొట్టెల పండుగకన్నా మంచి చోటేముంది? మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి, కోరిక ఉన్నవారు ఆ కోరిక పేరున్న రొట్టె తీసుకుంటారు, అది తీరినవారు తరువాతి ఏడు వచ్చి అదే రొట్టెను మరొకరికి ఇస్తారు. పెళ్ళి రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, ఇల్లు రొట్టె, ఇలా ఎన్నో. తల్లి బలవంతం మీద ఆమె పెళ్ళి రొట్టె కోసం వస్తుంది, అతను ఉద్యోగ రొట్టె కోసం వస్తాడు, జనంలో రెండూ తారుమారవుతాయి.

సంతపేట:
చూడటానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. అయితే అనుకోకుండా ఎదురుపడటం వేరు, కలుద్దామని నిర్ణయించుకుని రావడం వేరు. రెండో దానిలో ఇద్దరూ అప్పటికే ఒక తెగింపు చేశారు, ఇంట్లో ఒక అబద్ధం చెప్పారు. ఆ బరువు సన్నివేశం మొదటి క్షణం నుంచీ ఉంటుంది. రొట్టెలు తారుమారైతే ఆ పని విధి చేసినట్టు అవుతుంది, పాత్రలు చేసినట్టు కాదు. ఇంకొక అభ్యంతరం కూడా ఉంది. అన్ని మతాలవారూ నిజమైన మొక్కుతో వచ్చి నీళ్ళలో నిలబడే చోట, మన జంటకోసం ఆ మొక్కును తమాషాగా మార్చడం నాకు ఇష్టం లేదు.

దర్గామిట్ట:
తమాషా చేయమని నేను అనలేదండీ. మొక్కును గౌరవిస్తూనే ప్రేమకథ చెప్పవచ్చు, మా వీధిలో ఆ రొట్టె తీసుకున్నాకే సంబంధం కుదిరిందని చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. అయినా మీ మొదటి అభ్యంతరం బలమైనది. ఈ సన్నివేశం కథ చివర, పెళ్ళయిన ఏడాదికి, ఇద్దరూ రొట్టె ఇవ్వడానికి వచ్చినప్పుడు వాడుకోవచ్చు.

కావలి కథకుడు:
అందరికీ కృతజ్ఞతలు. మైపాడు రోడ్డు వారి వేళనూ సంతపేట వారి చేపనూ కలిపి ఇలా అనుకుంటున్నాను. తెల్లవారుజాము, మైపాడు. రాత్రి డ్యూటీలో తినడానికి తీరిక లేక మిగిలిపోయిన క్యారియర్ ఆమె చేతిలో ఉంటుంది, అందులో ముందురోజు వండిన పులుసు. మన వైపు నిన్నటి పులుసును ఈ రోజు దోసెతో తినడం ఉన్నదే, చింతపండు పులుపూ ఉప్పూ ముక్కలోకి దిగి రుచి పెరుగుతుంది కూడా. రోడ్డు పక్క బండి దగ్గర దోసెలు కొంటారు. తినడానికి చోటు లేక అతని బైకు సీటు మీద క్యారియర్ విప్పుతారు. ముళ్ళ సంగతి సంతపేట వారు చెప్పినట్టే: ఆమె తీసి పెట్టదు. ఆరు పేజీలు రెండున్నరకు తగ్గాయి, అలలు పాదాలను తాకే వాక్యం పోయింది.

ఒంగోలు ప్రేక్షకుడు:
బాగుంది. కానీ సూర్యోదయం జరుగుతున్నంతసేపూ ఇద్దరూ పళ్ళెంలోకే చూస్తుంటే మైపాడు దాకా వెళ్ళడం ఎందుకు? బస్టాండు పక్కన తీసినా ఇదే సన్నివేశం అవుతుంది.

సంతపేట:
వాళ్ళు చూడకపోవడం కోసమే వెళ్ళాలి. వెనుక అంత పొద్దు పొడుస్తున్నా ఒక్కసారి కూడా తల తిప్పని జంటను ప్రేక్షకుడు చూస్తాడు.

ఒంగోలు ప్రేక్షకుడు:
అయితే కెమెరాను రోడ్డు వైపు నుంచి, దూరంగా పెట్టమని స్క్రీన్‌ప్లేలోనే రాయండి. దర్శకుడికి వదిలేస్తే ముఖాల దగ్గరికి వెళ్ళిపోతాడు.