రెండూ గ్రామర్ స్కూళ్లే, ఒకదానికే ఫీజు ఎందుకు?

అందరికీ నమస్కారమండీ. మేం మాంచెస్టర్‌లో ఉంటాం, మా అబ్బాయి ఇయర్ ఫైవ్ (తొమ్మిది, పదేళ్ల పిల్లల తరగతి). గ్రామర్ స్కూల్ అంటే ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకునేది. పక్కనే ట్రాఫర్డ్‌లోని ఆల్ట్రింగమ్ గ్రామర్‌లో పరీక్ష రాసి సీటొస్తే ఫీజు లేదు. మాంచెస్టర్ గ్రామర్ స్కూల్‌కీ పరీక్ష రాయాలి, ఆపైన ఏడాదికి వేల పౌండ్లు కట్టాలి. ఈ తేడా ఎక్కడ మొదలైంది?

నాకు తెలిసింది కొంత చెబుతాను. ఈ మాంచెస్టర్ గ్రామర్ స్కూల్‌ని 1515లో బిషప్ హ్యూ ఓల్డమ్ పెట్టించారు. ఖర్చంతా అర్క్ నది మీది పిండిమరల ఆదాయంతో నడిచేది. ఊళ్లోవాళ్లు ధాన్యం అక్కడే ఆడించుకోవాలి, అంటే స్కూలు ఫీజు ఊరంతా కట్టినట్టే! బ్యాడ్జీ మీద గుడ్లగూబ ఉంటుంది, దాని ముక్కున 'డమ్' అని రాసిన పట్టీ. ఔల్, డమ్ కలిపితే ఓల్డమ్. మావాడికి అదే నచ్చింది, ఫీజు సంగతి వాడికెందుకు.

1944 విద్యా చట్టం తర్వాత ఇది డైరెక్ట్ గ్రాంట్ స్కూల్, అంటే ప్రభుత్వం నుంచి నేరుగా డబ్బు అందుకునే ప్రైవేటు స్కూల్. అప్పట్లో కనీసం నాలుగో వంతు సీట్లు ఉచితం. 1970ల నడుమ ప్రభుత్వం ఆ గ్రాంట్ ఆపేసి, కాంప్రహెన్సివ్‌గా (పరీక్ష లేకుండా అందరినీ చేర్చుకునే ప్రభుత్వ స్కూల్‌గా) మారతారా, సొంతంగా నడుపుకుంటారా అంటే వీళ్లు రెండోది ఎంచుకున్నారు. ప్రైవేటు స్కూళ్లలో కొందరి ఫీజును ప్రభుత్వమే భరించేలా 1980లో వచ్చిన అసిస్టెడ్ ప్లేసెస్ పథకం కూడా 1997లో రద్దయింది.

అడిగేది ఇదీ: ఆల్ట్రింగమ్‌ని ప్రభుత్వం కింద ఉంచేసి, దీన్నెందుకు అలా వదిలేశారు? ఆ రోజుల్లో ఉచిత సీట్లో చదివినవాళ్లు తెలుసా? ఇప్పుడు బర్సరీకి (ఆదాయాన్ని బట్టి ఇచ్చే ఫీజు సాయానికి) అప్లై చేసినవాళ్లుంటే, ఇంటి ఆదాయం కాగితాలు ఏమేం అడిగారో కాస్త చెప్పండి.