కుటుంబంతో కలిసి రోజంతా ఉపన్యాసాలకు వెళ్లడంపై సలహా కోరుతున్నాను

వచ్చే నెలలో ఖగోళశాస్త్రంపై ఒక రోజంతా జరిగే ఉపన్యాసాలను వినడానికి మేము ఐదుగురం నగరానికి వెళ్లాలనుకుంటున్నాము. ఉదయం 10 గంటల నుంచి సాయంత్రం 5 గంటల వరకు ఆరు ప్రసంగాలున్నాయి. శనిగ్రహ వలయాలు చాలావరకు మంచు ముక్కలేనని చదివినప్పటి నుంచి మా 12 ఏళ్ల అమ్మాయి ఆ రోజు కోసమే ఎదురుచూస్తోంది. 7 ఏళ్ల బాబు మాత్రం అరగంటకు మించి కదలకుండా కూర్చోలేడు.

నా అసలు దిగులు మా అత్తగారి గురించి. ఆవిడ రెండు చెవులకూ వినికిడి యంత్రాలు వాడతారు. సభామందిరంలో ఇండక్షన్ లూప్ (మైకులోని మాటను అయస్కాంత సంకేతంగా పంపే తీగ) ఉంటే, యంత్రంలోని టెలికాయిల్ (ఆ సంకేతాన్ని అందుకునే చిన్న తీగచుట్ట) ద్వారా మైకులోని మాట ప్రతిధ్వని, చుట్టుపక్కల సందడి లేకుండా నేరుగా చెవికి చేరుతుందని తెలుసు. అది లేనిచోట ముందు వరుసలో కూర్చోవడం సరిపోతుందా, లేక లౌడ్‌స్పీకరుకు దగ్గరగా ఉండటమే మేలా?

బాబుతో ఒకరు వంతులవారీగా బయటికి రావాలనుకుంటున్నాము కనుక, ఇతరులకు ఇబ్బంది కలగకుండా ఎక్కడ కూర్చోవాలో, ముందురోజు రాత్రికే నగరం చేరడం మంచిదో కాదో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు. ఆవిడ ఒక్క ప్రసంగమైనా పూర్తిగా వినగలగాలన్నది మా అందరి కోరిక.