శ్రీలంకలో ఆడవాళ్లకు మందు అమ్మొద్దన్నారట, బిర్యానీ పందెం ఎవరు గెలిచినట్టు?

మిర్యాలగూడ బైపాస్:
మొన్న ఆదివారం మా దోస్తు మొబైల్ షాపులో నలుగురం కూర్చొని కొలంబో మ్యాచ్ చూస్తున్నాం. ఎప్పటిలాగే వాన. పిచ్ మీద కవర్లు కప్పారు, టీవీలో పాత మ్యాచ్ వేశారు, ఇంక మాకు ముచ్చట్లే పని. మావాడొకడు "శ్రీలంకలో ఆడవాళ్లకు మందు అమ్మొద్దని రూలు పెట్టారు, ఎరుకేనా?" అన్నాడు. నేను నవ్వాను. ప్రపంచంలో మొదటి మహిళా ప్రధాని సిరిమావో బండారనాయకే 1960లో వచ్చింది ఆ దేశంలోనే కదా. ఇక్కడ నకిరేకల్ దగ్గర మా ఊళ్లో మా నానమ్మ, డెబ్బై ఆరేళ్లు, గౌడన్న తాటిచెట్టు దిగేసరికి ముంత పట్టుకొని రెడీగా ఉంటుంది, అడిగినవాడు లేడు. నేను నవ్వేసరికి వాడికి పౌరుషం వచ్చి, నేపాల్‌లో ఇరవై నిండందే ఆడపిల్లకు పెళ్లి చెయ్యకూడదు, పాకిస్తాన్‌లో ముమ్మారు తలాక్ మీద చట్టం మనకంటే ముందే వచ్చింది అని ఇంకో రెండు కలిపాడు. మూడూ నిజమైతే నలుగురికీ బిర్యానీ నాది, ఒక్కటి తప్పినా వాడిది. తెలిసినవాళ్లు చెప్పండి. వాట్సాప్ ఫార్వర్డ్‌లు మాత్రం వద్దు, మా గ్రూపులో వస్తున్నవి చాలు.

పాలమూరు నల్లకోటు:
తమ్మీ, డబ్బులు సిద్ధం చేసుకో. 1979లో శ్రీలంక ఎక్సైజ్ చట్టం కింద ఒక నోటిఫికేషన్ ఇచ్చారు, మద్యం దుకాణాల్లో ఆడవాళ్లకు అమ్మకూడదని. అలాంటిచోట వాళ్లు పని చెయ్యాలన్నా అనుమతి కావాలి. 2018 జనవరిలో ఆర్థిక మంత్రి మంగళ సమరవీర దాన్ని ఎత్తేశాడు. వారం తిరగకముందే అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన ఆ ఎత్తివేతను వెనక్కి తీసుకోమన్నాడు. ఒకే ప్రభుత్వంలో ఇద్దరు, ఇద్దరివీ చెరో మాట. రూలు ఉందన్నమాటే గానీ గట్టిగా అమలు చేసేది తక్కువని అప్పట్లోనే వార్తలొచ్చాయి. ఇంకో సంగతి, అక్కడ ప్రతి పౌర్ణమికీ 'పోయా' అని బౌద్ధుల సెలవు, ఆ రోజు మగవాళ్లకు కూడా వైన్స్ బంద్. మన దగ్గర గాంధీ జయంతికి ఒక్కరోజు మూస్తేనే ముందురోజు సాయంత్రం లైను రోడ్డెక్కుతుంది, పన్నెండు పౌర్ణములంటే పాలమూరు తట్టుకుంటుందా.

కోస్గి గల్ఫ్ రిటర్న్:
తలాక్ సంగతి నేను చెప్తా. షార్జాలో పదకొండేళ్లు ఒకే గదిలో ఏడుగురం, అందులో ఒకరు పాకిస్తాన్ సియాల్‌కోట్, ఒకరు బంగ్లాదేశ్ సిల్హెట్, ఇద్దరు నేపాలీలు. రాత్రి వంట అయ్యాక టీవీ పెట్టుకొని ఇవే పంచాయితీలు. సియాల్‌కోట్ భాయ్ బావమరిది ఫోన్‌లో మూడుసార్లు తలాక్ చెప్పాడు, చెప్పి ఊరుకుంటే అయిపోలేదు. 1961లో అయూబ్ ఖాన్ తెచ్చిన కుటుంబ చట్టం ప్రకారం యూనియన్ కౌన్సిల్ (మన పంచాయతీ లాంటిది) చైర్మన్‌కు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, భార్యకు కాపీ పంపాలి, 90 రోజులు ఆగాలి, ఈలోగా కలపడానికి పెద్దలు చూడాలి. నోటీసు ఇవ్వకపోతే జైలు కూడా ఉంది. బంగ్లాదేశ్ అప్పుడు తూర్పు పాకిస్తాన్ కాబట్టి వాళ్లకూ అదే చట్టం వచ్చింది. మన సుప్రీంకోర్టు ముమ్మారు తలాక్‌ను కొట్టేసింది 2017లో, చట్టం చేసింది 2019లో. కానీ అదే బంగ్లాదేశ్‌లో హిందూ ఆడవాళ్లకు విడాకులే లేవు, పెళ్లి రిజిస్ట్రేషన్‌కు 2012లో చట్టం తెచ్చినా అది ఇష్టమైతేనే. సిల్హెట్ అతను హిందువే, వాళ్ల అక్క మొగుణ్ని వదిలి పుట్టింట్లో ఉంటోంది, ఇంకో పెళ్లికి దారి లేదు. ఈ మాట చెప్పిన రోజు గదిలో ఎవరూ టీవీ సౌండ్ పెంచలేదు.

దేవరకొండ అంగన్‌వాడీ అక్క:
నేపాల్‌ది నిజమే తమ్ముడూ. 2018లో అమల్లోకి వచ్చిన సివిల్ కోడ్‌లో అబ్బాయికైనా అమ్మాయికైనా 20 ఏళ్లు. మనకు 18, 21. మన దగ్గర అమ్మాయిలకూ 21 చెయ్యాలని 2021లో లోక్‌సభలో బిల్లు పెట్టారు, పాస్ కాకుండానే ఆ సభ గడువు అయిపోయింది. 20 రాసుకున్నంత మాత్రాన నేపాల్‌లో చిన్నపిల్లల పెళ్లిళ్లు ఆగిపోలేదు, మా తండాల్లో ఆగాయా మరి. పోయిన వేసవిలో పదో తరగతి పిల్ల పెళ్లి ఆపడానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి పోతే, ఆ తల్లి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అయితే ఒకటి చూశాను. చట్టం పేరు చెప్తే చెవిన పెట్టనివాళ్లు, పెళ్లికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మికి 18 నిండాలి, లేకపోతే లక్షా నూటపదహార్లు రావు అంటే కూర్చొని వేళ్ల మీద లెక్కపెడతారు. కొందరు ఆధార్‌లో పుట్టినరోజు మార్పించుకోవడానికి మీసేవ చుట్టూ తిరుగుతారనుకోండి, అది వేరే కథ.

సూర్యాపేట చాయ్:
మీరంతా మందు, పెళ్లి దగ్గరే ఆగారు. భూటాన్‌లో 1999 దాకా టీవీకే అనుమతి లేదు! మనం 1987లోనే పంచాయతీ ఆఫీసు టీవీ ముందు చాపలేసుకొని ఆదివారం రామాయణం చూశాం, ఆ టీవీకి దండ కూడా వేసేవాళ్లు. ఇంకా వినండి, అక్కడ 2004లో పొగాకు అమ్మకం మొత్తం బంద్ చేశారు. 2011లో ఒక కుర్ర బౌద్ధ సన్యాసికి నమిలే పొగాకు పట్టుకొచ్చినందుకు మూడేళ్ల జైలు వేశారు. చివరికి ఏమైంది, కరోనాలో సరిహద్దు మూస్తే మన వైపు సరిహద్దు ఊరు జైగావ్ నుంచి దొంగచాటుగా సరుకు తెచ్చేవాళ్లతో రోగం కూడా వచ్చి పడుతుందని భయపడి, 2021లో అమ్ముకోమన్నారు. మన దగ్గర గుట్కా బంద్ అని ఏటేటా చెప్తూనే ఉన్నారు, బస్టాండ్ పాన్ డబ్బా దగ్గర కన్ను కొడితే చేతిలో పెడతాడు. అన్నట్టు 2020 నుంచి నేపాల్‌లో విదేశీ చానళ్లన్నీ యాడ్స్ లేకుండా రావాలి. అంటే మన హిందీ సీరియళ్లు వాళ్లకు బ్రేకు లేకుండా వస్తాయి. ఈ మాట మా అమ్మకు చెప్తే "మరి వాళ్లు కూర ఎప్పుడు కలబెడతరు" అంది.

మిర్యాలగూడ బైపాస్:
సరే, ఓడిపోయాను. అయితే శ్రీలంకది సగం నిజమే అని వాదిస్తే, రూలు పెట్టారని మాత్రమే అన్నా, అమలు చేశారని అనలేదు అని మావాడు లా పాయింట్ తీశాడు, నల్లకోటు అన్నా నీ రిప్లై చూపించి మరీ. నాలుగు బిర్యానీలు, రెండు థమ్సప్‌లు, తొమ్మిది వందల నలభై అయింది. నిన్న ఊరికి పోయి నానమ్మకు లంక సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మరి లంకల ఎల్లమ్మకు కల్లు సాక ఎవరు పోస్తరు బిడ్డా, మొగోళ్లేనా?" అని అడిగింది. దీనికి జవాబు ఎవరికైనా తెలిస్తే రాయండి, ఈసారి పందెం మాత్రం లేదు.