ఆమ్‌స్టర్‌డామ్‌లో మూడో అంతస్తుకి సోఫా ఎక్కించడం ఎలా?

అందరికీ నమస్కారం. గత నెలే హైదరాబాద్ నుంచి వచ్చాం. డి పైప్ అనే పేటలో పాత ఇల్లు, మూడో అంతస్తు. మార్క్‌ట్‌ప్లాట్స్ అనే పాత సామాన్ల సైట్‌లో 210 సెంటీమీటర్ల సోఫా ఒకటి నచ్చింది. మెట్లేమో నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి, మధ్యలో మెలిక కూడా. నలుగురు ఫ్రెండ్స్ సాయం వస్తామంటున్నారు. ఎక్కుతుందంటారా?

*

నమస్తే అండి. దయచేసి ఆ మెట్ల మీద ప్రయత్నించకండి. నలుగురు వచ్చినా అక్కడ పట్టుకోవడానికి చోటుండేది ఇద్దరికే, బరువంతా కింద ఉన్న మనిషి మీదే పడుతుంది. మెలిక దగ్గర ఇరుక్కుందంటే ముందుకూ పోదు, వెనక్కీ రాదు.

ఈ ఊళ్ళో పెద్ద సామాను కిటికీలోంచే వస్తుంది. మీ వీధిలో ఒకసారి తలెత్తి చూడండి. పాత ఇళ్ళ నెత్తిన ముందుకు పొడుచుకొచ్చిన దూలం, దానికి ఇనుప కొక్కెం కనిపిస్తాయి. దానికి కప్పీ తగిలించి తాడుతో సామాను పైకి లాగేవారు. కాలువల పక్కన కొన్ని ఇళ్ళు వీధివైపు కాస్త వాలి ఉండటానికి ఇదీ ఒక కారణం: పైకి లేచే బరువు గోడకు కొట్టుకోకూడదని.

కొక్కెం ఉంది కదా అని మీరే తాడు కట్టొద్దు. దూలం ఎంత పాతదో, ఎంత మోస్తుందో చూసి చెప్పలేం. ఫర్‌హౌస్‌లిఫ్ట్ అద్దెకు తీసుకోండి. వీధిలోంచి మీ కిటికీ దాకా ఏటవాలుగా నిచ్చెన నిలబెడతారు, దాని మీద పళ్ళెంలాంటి బల్ల నడుస్తుంది. నడిపే మనిషితో సహా మాట్లాడుకోండి. కింద ఇద్దరు ఎక్కిస్తే, పైన ఇద్దరు అందుకుంటారు. మీ ఫ్రెండ్స్ సాయం అక్కడ పనికొస్తుంది.

బుక్ చేసేటప్పుడే, ఇంటి ముందు కార్లు లేకుండా చోటు ఎలా ఖాళీగా ఉంచాలో, మున్సిపాలిటీ అనుమతి కావాలో వద్దో అడగండి. కిటికీ అద్దం కాదు, తెరుచుకునే సందు కొలవండి. సరిపోకపోతే రెక్క ఊడదీయాల్సి వస్తుంది, దానికి ఓనర్ ఒప్పుకోలు మెయిల్‌లో తీసుకోండి.

*

పైన చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. కిటికీలోంచి వచ్చినా, వెనక గదిలో వేయాలంటే తలుపు దాటాలి కదా. ఇక్కడ గది తలుపు రెక్క చాలా ఇళ్ళలో 83 సెంటీమీటర్లు, దాటే సందు ఇంకాస్త తక్కువ.

సోఫాని పక్కనుంచి చూడండి. వీపు ఆనుకునే భాగం పై అంచు నుంచి చెయ్యి ఆనించే భాగం ముందు అంచుకి ఒక కర్ర ఆనించండి. వెనక కింది మూల నుంచి ఆ కర్రకి అతి దగ్గర దూరం కొలవండి. అది సందుకంటే తక్కువుంటే సోఫాని వాల్చి లోపలికి తీసుకెళ్ళొచ్చు. కాళ్ళు మరతో ఊడేవైతే ముందే తీసేయండి. తలుపు అడ్డమైతే, బాగా తెరిచి నిలువుగా పైకెత్తండి, ఇక్కడి తలుపులు చాలావరకు కీలు మీంచి అలాగే లేచి వచ్చేస్తాయి. రెక్క మందం, పిడి పొడవు రెండూ కలిసొస్తాయి.

మంచం కూడా కొనేదుంటే 180 వెడల్పుది ఒకే ముక్కగా వద్దు. 90 చొప్పున రెండు పరుపులు, రెండు బేస్‌లు పక్కపక్కన వేసుకునేవి ఇక్కడ మామూలే.

సోఫాకి అడ్వాన్స్ ఇచ్చేముందు అమ్మేవాళ్ళది ఎన్నో అంతస్తో కనుక్కోండి. వాళ్ళూ పైన ఉంటే దించడానికి అక్కడా లిఫ్ట్ కావాలి, ఆ ఖర్చు ఎవరిదో బేరంలోనే తేల్చుకోండి.