సంక్షోభం వస్తే ఆదుకునేది గోడౌన్‌లో స్టాకా, ఇంకేదైనానా?

నిల్వదారు:
కోవిడ్ తర్వాత అయినా బుద్ధి వస్తుందనుకున్నాను, రాలేదు. ఏ రోజు సరుకు ఆ రోజు తెప్పించుకుని గోడౌన్ అద్దె మిగుల్చుకుందామనుకున్న షాపులే 2020 మార్చిలో ఖాళీ అరలు చూపించాయి. ఆహారం అమ్మే ప్రతి హోల్‌సేలరూ, రిటైలరూ నెలకు సరిపడా నిల్వ పెట్టుకోవాలని రూల్ తేవాలంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

లెక్కలపిచ్చి:
నెల స్టాకా? పాలు, కూరగాయలు కూడానా అన్నా? పాడవని సరుకే అనుకుందాం, పెట్టుబడంతా అందులోనే ఇరుక్కుపోతుంది, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డది సగం ధరకు తోసేయాలి, ఆ నష్టం చివరికి కొనేవాడి బిల్లులోకే ఎక్కుతుంది.

రాత్రిషిఫ్ట్:
అసలు 2020లో సరుకు లేదని ఎవరన్నారు? బ్రిటన్‌లో గోధుమపిండి సంగతే చూడండి. మిల్లుల్లో పిండి ఉంది, మరలు ఆగలేదు, కానీ అక్కడ తయారయ్యే పిండిలో ఇళ్లకు చిన్న ప్యాకెట్లలో వెళ్లేది 4 శాతమే, మిగతాది బేకరీలకూ ఫ్యాక్టరీలకూ ట్యాంకర్లలో, పెద్ద బస్తాల్లో పోతుంది. జనం ఒక్కసారిగా చిన్న ప్యాకెట్ మీద పడితే ప్యాకింగ్ లైన్ రాత్రింబవళ్లు తిప్పినా చాలలేదు. అప్పట్లో నేను హోటళ్లకూ క్యాంటీన్లకూ సప్లై చేసే ఒక హోల్‌సేలర్ దగ్గర డిస్పాచ్ చూసేవాణ్ణి. వారంలో ఆర్డర్లన్నీ క్యాన్సిల్. ఇటు షాపులవాళ్లు సరుకు పంపమని ఒకటే ఫోన్లు. మా దగ్గరున్నవి 25 కిలోల బస్తాలు, వాటికి బార్‌కోడ్ లేదు, షాపువాడు బిల్లు ఎలా కొడతాడు? చివరికి నలుగురం ఒక కాటా, ఒక సీలింగ్ మెషిన్ ముందేసుకుని కిలో ప్యాకెట్లు కట్టాం, రెండో రోజుకే కవర్లు అయిపోయాయి. గోడౌన్ మాత్రం నిండుగా ఉంది సార్, అడుగు పెట్టడానికి చోటు లేదు.

నిల్వదారు:
మీ కథ బాగుంది గానీ అది ప్యాకింగ్ సమస్య. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ అనే పెద్ద సరుకు ఓడ అడ్డం తిరిగి 6 రోజులు దారి మూసుకుపోయింది కదా, అప్పుడు ఏ కవర్ కాపాడుతుంది? స్టాక్ ఉన్నవాడే నిలబడతాడు.

లెక్కలపిచ్చి:
అలాంటప్పుడు స్టాక్ పనికొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ కొరత మొదలయ్యాక నిల్వ పెట్టబోతేనే అసలు ముప్పు. హోల్‌సేలర్ అడిగినదాంట్లో సగమే ఇస్తాడని షాపువాడు రెట్టింపు ఇండెంట్ రాస్తాడు, అది చూసి హోల్‌సేలర్ ఫ్యాక్టరీకి ఇంకా ఎక్కువ రాస్తాడు. రెండు నెలలకు గిరాకీ చల్లబడుతుంది, సరుకేమో లారీల కొద్దీ దిగుతూనే ఉంటుంది. దీన్నే బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు.

డాక్‌నంబర్4:
నేను అన్‌లోడింగ్ వైపు మనిషిని కాబట్టి నాకు కనిపించింది చెప్తాను. టెన్షన్ రోజుల్లో బండ్లు కదిలేది రకాలు తగ్గించినప్పుడే. ఒకే వస్తువు పది సైజుల్లో వస్తే ఏరి పెట్టడానికి మనుషులు కావాలి, వాళ్లలో సగం మంది జ్వరంతో ఇంట్లో ఉన్నారు. అదే ఒకటి రెండు సైజులే పెట్టి, ప్యాలెట్ (సరుకు పేర్చి కట్టే చెక్క పలక) విప్పకుండా నేరుగా షాపుకు పంపితే అదే బండి రెండు ట్రిప్పులు వేస్తుంది. ఇక రూల్స్ అంటారా, అప్పట్లో కొత్తవి తేవడం కంటే ఉన్నవి సడలించడమే ఎక్కువ మేలు చేసింది. 2020 మార్చిలో అమెరికా అత్యవసర సరుకు మోసే డ్రైవర్లకు పనిగంటల పరిమితి తాత్కాలికంగా ఎత్తేసింది. బ్రిటన్‌లో సూపర్‌మార్కెట్లు స్టాక్ వివరాలూ వ్యాన్లూ పంచుకోవడానికి వీలుగా, కంపెనీలు కుమ్మక్కవకుండా ఆపే పోటీ చట్టాన్ని సడలించారు. (అలసిపోయిన డ్రైవర్‌తో బండి నడిపించడం నాకైతే ఇష్టం లేదు, అది వేరే గొడవ.)

ఇంకో మాట నిల్వదారు గారూ. 2021 జులైలో స్వీడన్‌లో కూప్ అనే సూపర్‌మార్కెట్ సంస్థ షాపులు దాదాపు 800 మూతపడ్డాయి. కౌంటర్లు నడిపే సాఫ్ట్‌వేర్ మీద సైబర్ దాడి వచ్చిందంతే. అరల నిండా సరుకుంది, బిల్లు వేసే దారే లేదు.

నిల్వదారు:
సరే, నెల అన్నది వెనక్కి తీసుకుంటున్నా. 10 రోజులు, అదీ పాడవని సరుకుకే. ఇంతకంటే తగ్గను.

రాత్రిషిఫ్ట్:
ఆ 10 రోజుల సరుకు ఎన్ని కిలోల ప్యాకెట్లో ఉండాలో కూడా రూల్‌లో రాయించండి సార్.