గ్లూకగాన్ కలిపితే డీఎంపీసీ పొర గట్టిపడుతోందా, కొలతలోనే తేడా ఉందా?

ప్రశ్న:
గ్లూకగాన్ హార్మోన్ వల్ల లిపిడ్ (కొవ్వు) పొర ద్రవత్వం ఎంత మారుతుందో, పొరలో చేరి వెలుగునిచ్చే డీపీహెచ్ అనే అణువు అనైసోట్రోపీతో చూస్తున్నాం (పొర గట్టిపడితే ఈ విలువ పెరుగుతుంది). డీఎంపీసీ అనే లిపిడ్‌తో చేసిన లైపోసోమ్‌లు (బుల్లి బుడగలు) 100 మైక్రోమోలార్, డీపీహెచ్ 0.2, గ్లూకగాన్ 10. బెంగళూరులో ల్యాబ్ గది వేడిలోనే కొలత, క్యూవెట్‌కి (శాంపిల్ పోసే చిన్న పాత్ర) టెంపరేచర్ కంట్రోల్ లేదు. పొద్దున గ్లూకగాన్ కలిపితే విలువ పెరుగుతోంది, మధ్యాహ్నం తేడానే లేదు. ఏది నమ్మాలండీ?

జవాబు 1:
రెండూ వద్దు, ముందు వేడిని అదుపులో పెట్టండి. డీఎంపీసీ జెల్ స్థితి నుంచి ద్రవ స్థితికి మారేది 24 డిగ్రీల దగ్గర. బెంగళూరులో చాలా రోజులు గది కూడా అటూ ఇటూగా అక్కడే ఉంటుంది. అక్కడ అర డిగ్రీ జరిగినా అనైసోట్రోపీ బాగా మారిపోతుంది. పైగా గ్లూకగాన్ ఆ వేడికి కింద డీఎంపీసీని గట్టిగా పట్టుకుంటుంది, పైన వదిలేస్తుంది. కాబట్టి పొద్దున గది ఆ వేడికి కింద, మధ్యాహ్నం పైన ఉంటే, మీవి రెండు వేర్వేరు ప్రయోగాలు.

వాటర్ బాత్ హోల్డర్‌తో 18 నుంచి 32 దాకా ఒక్కో డిగ్రీ పెంచుతూ, ప్రతిచోటా 10 నిమిషాలు ఆగి కొలవండి. డిస్‌ప్లే అంకె చాలదు, క్యూవెట్‌లోనే సన్న థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ఉంచాలి.

జవాబు 2:
పై మాటకు తోడు, ద్రావణం మసక సంగతి చూడండి. జెల్ స్థితిలో గ్లూకగాన్ లైపోసోమ్‌లను చిన్న బిళ్లలుగా విడగొడుతుంది, ద్రావణం తేటబడుతుంది. మసకగా ఉన్నప్పుడు కాంతి చెదిరి అనైసోట్రోపీ తక్కువగా కనబడుతుంది. తేటబడగానే, పొర మారకపోయినా, విలువ పెరిగినట్టు తోస్తుంది. 360 నానోమీటర్ల దగ్గర ఓడీ (మసక ఎంతో చెప్పే కొలత) గ్లూకగాన్ కలపక ముందూ తర్వాతా రాసుకోండి, 0.1 దాటనివ్వకండి. శాంపిల్‌ని సగానికి పలచన చేసినా విలువ మారకపోతే మంచిదే. డీపీహెచ్ లేని లైపోసోమ్ బ్లాంక్‌ని నాలుగు పోలరైజర్ రీడింగుల్లోంచీ తీసేయాలి.

ప్రశ్న అడిగినవారు:
గ్లూకగాన్ స్టాక్ 10 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఉంది. ఫర్వాలేదా?

జవాబు 2:
ఫర్వాలేదు, కానీ ఏ రోజుది ఆ రోజే కలపండి. నిలవుంటే ఫైబ్రిల్స్ (సన్న పోగులు) కడుతుంది. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రామ్ స్టాక్ అంటే దాదాపు 287 మైక్రోమోలార్. 2 మిల్లీలీటర్లలో 10 మైక్రోమోలార్‌కి 70 మైక్రోలీటర్లు పడతాయి. అంతే యాసిడ్‌ని గ్లూకగాన్ లేకుండా కలిపిన కంట్రోల్ తప్పనిసరి. బఫర్ 20 మిల్లీమోలార్ హెపెస్ ఉంటే పీహెచ్ నిలబడుతుంది.

జవాబు 1:
ఇంకోటి. రక్తంలో గ్లూకగాన్ ఉండేది పికోమోలార్ స్థాయిలో, మీరు వాడేది మైక్రోమోలార్. పొర మీద ప్రభావం రాయండి, కానీ కణంలో హార్మోన్ చేసే పనికి అదే కారణమని రాయకండి. అక్కడ పని నడిపించేది రిసెప్టర్ (హార్మోన్‌ను పట్టుకునే కణం మీది ప్రోటీన్).