ఏ ఆప్షనూ ఇవ్వకుండా కమాండ్ కొడితే ఏం జరగాలి: గిట్ మీద కట్టే టూల్‌కు డిఫాల్ట్‌లు ఎలా నిర్ణయించాలి?

ప్రశ్న: మూసీతీరం (మిర్యాలగూడ)

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడలో రైస్ మిల్లులకు కాంటా, బిల్లింగ్ ప్రోగ్రాంలు రాసే చిన్న బృందం. కొత్తగా చేరేవారిలో ఎక్కువమంది నల్లగొండ, సూర్యాపేట కాలేజీల నుంచి నేరుగా వచ్చినవారే కాబట్టి, గిట్ (ప్రోగ్రాం ఫైళ్లలో ఎప్పుడు ఏం మారిందో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్) మొత్తాన్నీ ఒకేసారి వారి నెత్తిన వేయకుండా, రోజువారీ పనికి సరిపడే కొద్ది కమాండ్‌లతో ఒక టూల్ రాస్తున్నాం. లోపల నడిచేది గిట్టే. కమాండ్‌ల పేర్ల మీద పేచీ లేదు. ఏ ఆప్షనూ ఇవ్వకుండా కొట్టినప్పుడు అవి ఏం చేయాలన్న దగ్గరే మాకు కుదరడం లేదు.

'పంపు' అంటే ఇప్పుడున్న బ్రాంచ్ (పని సాగుతున్న విడి పాయ) ఒక్కటే సర్వర్‌కు వెళ్లాలా, అన్నీ వెళ్లాలా? 'తెచ్చుకో' అన్నప్పుడు రెండు వైపులా కొత్త కమిట్‌లు (గిట్‌లో భద్రపరిచిన మార్పులు) ఉంటే మర్జ్ చేయాలా (రెంటినీ కలపాలా), రీబేస్ చేయాలా (మనవాటిని అవతలివాటి మీద మళ్లీ పేర్చాలా)? 'వదిలేయి' అంటే కమిట్ చేయని మార్పులన్నీ అడగకుండానే తీసేయాలా? ఎక్కువమంది ఎక్కువసార్లు కోరుకునేదే డిఫాల్ట్ కావాలని మాలో సగం మంది, తక్కువ నష్టం చేసేదే కావాలని మిగతావారు అంటున్నారు. ప్రతిచోటా 'ఖాయమేనా?' అని అడిగితే సరిపోతుంది కదా అని ఒకరి మధ్యేమార్గం. దీన్ని ఏ కొలతతో తేల్చాలో పెద్దలు చెప్పగలరు.

సమాధానం: పాలమూరు_పాఠం (మహబూబ్‌నగర్)

ఆ రెండు వాదాల్లో ఏది గెలవాలో తేల్చే ముందు, ఒక్కో కమాండ్‌ను విడిగా తీసుకొని, అది పొరపాటున నడిస్తే వెనక్కు తెచ్చుకునే దారి ఉందా, ఉంటే అది కొట్టినవారి చేతిలోనే ఉందా అని చూడండి. దారి ఉన్నచోట సౌకర్యానికే మొగ్గు చూపవచ్చు. లేనిచోట ఎంతమంది కోరినా సరే, ఉత్త కమాండ్‌కు అంత అధికారం ఇవ్వకూడదు.

గిట్‌లో ఒకసారి కమిట్ అయిన పని అంత తేలికగా పోదు. బ్రాంచ్‌ను తప్పు చోటికి రీసెట్ చేసినా రెఫ్‌లాగ్‌లో (బ్రాంచ్ ఎప్పుడు ఎక్కడ ఉండేదో గిట్ రాసుకునే చిట్టాలో) జాడ మిగులుతుంది. మామూలు సెట్టింగ్‌లలో ఆ జాడ 90 రోజులు, బ్రాంచ్ నుంచి ఇక చేరలేని కమిట్‌లదైతే 30 రోజులు ఉంటుంది. అందుచేత అమెండ్ (చివరి కమిట్‌ను సవరించడం), రీబేస్ వంటివి ఏమీ అడగకుండా నడిచినా ఫరవాలేదు. కమిట్ చేయని మార్పుల సంగతి వేరు. 'గిట్ రిస్టోర్' కొట్టి ఫైలును పాత రూపానికి తెస్తే, ఇండెక్స్‌లో (తర్వాతి కమిట్ కోసం సిద్ధం చేసుకునే చోట) ఎప్పుడూ చేర్చని రాత ఎక్కడా మిగలదు. ఇదే పనికి, గిట్ లాంటి మరో సాఫ్ట్‌వేర్ మెర్క్యురియల్‌లో ఉన్న 'రివర్ట్' మాత్రం, మార్చిన ఫైలును పేరు చివర '.ఆరిగ్' చేర్చి పక్కన పెట్టిన తర్వాతే పాతదాన్ని తెస్తుంది. నకలు అక్కర్లేనివారే ప్రత్యేకంగా ఆప్షన్ ఇచ్చి వద్దనాలి. ఫోల్డర్ నిండా ఆ ఫైళ్లు పేరుకుపోవడం విసుగే కానీ, మీ 'వదిలేయి'కి నేను ఆ దారినే ఎంచుకుంటాను.

పుష్ (మీ 'పంపు') విషయంలో గిట్ చరిత్రే మీకు జవాబు. 2014 మేలో 2.0 వచ్చేదాకా, ఉత్త పుష్ కొడితే రెండు వైపులా ఒకే పేరుతో ఉన్న బ్రాంచ్‌లన్నీ వెళ్లేవి. తన సొంత పబ్లిక్ రిపాజిటరీకి (ప్రాజెక్టు ఫైళ్లు, వాటి చరిత్ర ఉండే చోటికి) తానొక్కడే పంపుకునే నిర్వాహకుడికి అది సరిపోతుంది. అందరూ ఒకే రిపాజిటరీకి పంపే మీలాంటి బృందంలో మాత్రం, ఎవరో తన ఒక్క బ్రాంచ్ కోసమని ఫోర్స్ పుష్ (సర్వర్‌లో ఉన్నదాన్ని తోసేసి పంపడం) కొడితే, అతని మెషీన్‌లో నెలనాడు ఆగిపోయిన మాస్టర్ (ప్రధాన బ్రాంచ్) కూడా దానితోపాటు వెళ్లి, సర్వర్‌లో ఉన్న కొత్త మాస్టర్‌ను వెనక్కు లాగేది. లారీ కాంటా మీద ఉన్నంతసేపు తూకం మళ్లీ చూసుకోవచ్చు, గేటు దాటాక పదిమందిని అడగాలి. పుష్ అయిన కమిట్‌లదీ అదే కథ. 2.0 నుంచి ఉన్న 'సింపుల్' పద్ధతిలో ఇప్పుడున్న బ్రాంచ్ ఒక్కటే, అదీ సర్వర్‌లో అదే పేరున్న బ్రాంచ్‌కే వెళ్తుంది. మీరూ అదే పెట్టండి.

ఇక్కడ గమనించాల్సింది ఆ మార్పుకు పట్టిన కాలం. 'సింపుల్' 2012లోనే 1.7.11 వెర్షన్‌లో చేరినా, అది డిఫాల్ట్ కావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఈలోపు ఏ సెట్టింగూ పెట్టుకోని ప్రతి ఒక్కరికీ పుష్ కొట్టినప్పుడల్లా పొడుగాటి హెచ్చరిక కనబడేది. పాత ప్రవర్తనను నమ్ముకొని రాసిన స్క్రిప్టులు ఎన్ని ఉంటాయో ఎవరికీ తెలియదు కాబట్టి అంత నెమ్మది తప్పలేదు. అప్పటిదాకా నడిచిన కమాండ్‌ను ఆపితే ఎవరి స్క్రిప్టో తెగుతుంది, ఆగిన కమాండ్‌ను తర్వాత నడిపిస్తే దాదాపు ఎవరికీ ఇబ్బంది ఉండదు. మీ టూల్ ఇంకా ఆఫీసు దాటలేదు కాబట్టి, సందేహం ఉన్నచోట బిగించే విడుదల చేయండి.

'తెచ్చుకో'కు మర్జ్, రీబేస్ రెంటిలో ఏదీ పెట్టవద్దు. రెంటినీ కోరేవారు బోలెడంతమంది, పైగా ఫలితాలు వేరు. గిట్ కూడా 2020లో హెచ్చరికతో మొదలుపెట్టి, 2021 నుంచి రెండు చరిత్రలూ విడిపోయి ఉంటే ఏదో ఒకటి చెప్పమని ఆగిపోతోంది. ఫాస్ట్ ఫార్వర్డ్ (మన వైపు కొత్త కమిట్‌లు లేనప్పుడు బ్రాంచ్‌ను నేరుగా ముందుకు జరపడం) కుదిరితే చేయండి, లేదంటే ఆగి రెండు దారులనూ చూపించండి.

సమాధానం: కృష్ణ_ఒడ్డు (దేవరకొండ)

పై వారి కొలతతో ఏకీభవిస్తూనే, అది శ్రుతి మించితే ఏమవుతుందో కూడా చెప్పాలి. కొత్త బ్రాంచ్‌ను మొదటిసారి పుష్ చేసేటప్పుడు, దానికి అప్‌స్ట్రీమ్ (సర్వర్‌లో జత బ్రాంచ్) లేదని గిట్ ఆపి, ఏం కొట్టాలో ఒక పొడుగు లైను చూపిస్తుంది. అందరూ దాన్ని చదవకుండానే కాపీ చేసి అతికిస్తారు. సర్వర్‌లో లేని పేరుతో కొత్త బ్రాంచ్ చేరితే ఎవరి పనీ చెరిగిపోదు. ప్రమాదం లేనిచోట ఇలా ఆపితే, ప్రమాదం ఉన్నచోట వచ్చే ఎర్రర్‌ను కూడా చదవకుండా దాటేయడం అలవాటవుతుంది. 2022లో 2.37 వెర్షన్‌తో ఈ పని తానే చేసుకునే సెట్టింగ్ వచ్చింది కానీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంటుంది. మీ టూల్‌లో దాన్ని ఆన్ చేసి పెట్టండి.

'ఖాయమేనా?' అన్న ప్రశ్న మాత్రం వద్దు. రోజూ కనిపించే ప్రశ్నకు వేలు కంటికంటే ముందే జవాబిస్తుంది. పైగా అర్ధరాత్రి బిల్డ్ స్క్రిప్టు మీ కమాండ్‌ను పిలిచినప్పుడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవారెవరూ ఉండరు. 'గిట్ క్లీన్' ఎలా ప్రవర్తిస్తుందో చూడండి: ఉత్తగా కొడితే ప్రశ్న వేయదు, ఫోర్స్ ఆప్షన్ ఇస్తే తప్ప చెరపనని నిరాకరిస్తుంది. బ్రాంచ్ తొలగించే చిన్న 'డి' కూడా మర్జ్ కాని బ్రాంచ్‌ను తొలగించక, తప్పదనుకుంటే పెద్ద 'డి' వాడమంటుంది. ఆ అక్షరాన్ని మనిషి తన చేత్తో టైపు చేయాలి, స్క్రిప్టులోనైతే ఎవరో తెలిసి రాయాలి. టెర్మినల్‌లో నడుస్తున్నప్పుడు రంగులు, పేజర్ (ఫలితాన్ని పేజీలుగా చూపించేది) మారవచ్చు కానీ, కమాండ్ చేసే పని మాత్రం టెర్మినల్‌లోనూ స్క్రిప్టులోనూ ఒకటే కావాలి.

ఫోర్స్ పుష్ ఇవ్వక తప్పకపోతే 'ఫోర్స్ విత్ లీజ్' రూపంలోనే ఇవ్వండి. మీరు చివరిసారి చూసినప్పటి నుంచి సర్వర్‌లోని బ్రాంచ్‌ను వేరొకరు కదిపి ఉంటే అది నిరాకరిస్తుంది. కొన్ని ఎడిటర్లు వెనకాల తమంతట తామే ఫెచ్ చేస్తుంటాయి (సర్వర్‌లోని కొత్త కమిట్‌లను తెస్తుంటాయి). అలాంటప్పుడు ఆ కొత్త కమిట్‌లను మీరు చూడకపోయినా చూసినట్టే లెక్క అవుతుంది కాబట్టి, 2.30లో వచ్చిన 'ఫోర్స్ ఇఫ్ ఇంక్లూడ్స్'ను కూడా జతచేయండి. ఇంత చేసినా, ఎవరైనా మీ టూల్‌ను పక్కనపెట్టి నేరుగా గిట్‌నే వాడవచ్చు. భద్రత దృష్ట్యా గిట్ క్లోన్‌తోపాటు (రిపాజిటరీ నకలుతోపాటు) కాన్ఫిగ్ (సెట్టింగ్‌లు), హుక్స్ (ఆయా పనులప్పుడు తమంతట తామే నడిచే స్క్రిప్టులు) రావు కాబట్టి, అందరి మెషీన్లలో ఒకే నియమం ఉంటుందన్న భరోసా లేదు. మాస్టర్‌ను కాపాడే నియమం సర్వర్‌లో ఉండాలి: మీదే సర్వర్ అయితే, చరిత్రను తిరగరాసే పుష్‌లను తిరస్కరించే 'రిసీవ్.డినైనాన్‌ఫాస్ట్‌ఫార్వర్డ్స్' డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయండి.

స్పందన: మూసీతీరం

ఇద్దరికీ ధన్యవాదాలు. 'పంపు', 'తెచ్చుకో' తేలిపోయాయి. 'వదిలేయి' మార్పులను చెరపకుండా లోలోపల స్టాష్ చేసేలా (గిట్‌లోనే పక్కన దాచిపెట్టేలా) రాసి చూశాం. తేమ 17 శాతం దాటిన వడ్లకు తరుగు లెక్కగట్టే కొత్త ఫైలు ఒకటి, దాన్ని పిలిచే పాత బిల్లు ఫైలు ఒకటి ఉన్నాయి. కమాండ్ కొట్టాక బిల్లు ఫైలు వెనక్కు వెళ్లింది, తరుగు ఫైలు అక్కడే ఉండిపోయింది. ఇది సరైన ప్రవర్తనేనా?

సమాధానం: పాలమూరు_పాఠం (మహబూబ్‌నగర్)

కాదు. ఉత్త స్టాష్ గిట్ ట్రాక్ చేస్తున్న ఫైళ్లనే తీసుకుంటుంది. మీ తరుగు ఫైలును ఎప్పుడూ యాడ్ చేయలేదు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. 'వదిలేయి' అన్నవారు శుభ్రమైన ఫోల్డర్‌ను ఆశిస్తారు కనుక హైఫన్ 'యు' జతచేయండి. హైఫన్ 'ఎ' వరకు మాత్రం వెళ్లవద్దు, ఇగ్నోర్ జాబితాలోని (గిట్ పట్టించుకోవద్దని రాసిపెట్టిన) ఫైళ్లను కూడా అది ఊడ్చేస్తుంది; డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న లోకల్ సెట్టింగ్ ఫైలు సాధారణంగా ఆ జాబితాలోనే ఉంటుంది.

స్టాష్ ఎంట్రీలకు డిఫాల్ట్‌గా గడువు లేదు, అవి పేరుకుంటాయి. అందుకని ప్రతిదానికీ బ్రాంచ్ పేరు, తేదీ కలిపి సందేశం పెట్టి, 'వదిలేయి' ముగిసిన వెంటనే తిరిగి తెచ్చుకునే కమాండ్‌ను ఒక లైనులో చూపించండి. తిరిగి తెచ్చేటప్పుడు 'పాప్' బదులు 'అప్లై' వాడండి. పాప్ అయితే పని సాఫీగా జరిగిన వెంటనే ఎంట్రీని తీసేస్తుంది, అప్లై దాన్ని అలాగే ఉంచుతుంది. ఈలోపు అదే పేరుతో మరో తరుగు ఫైలు రాసి ఉంటే గిట్ దాని మీద రాయకుండా ఆగుతుంది. ఆ ఎర్రర్‌ను మింగేయకుండా యథాతథంగా చూపించండి.